'కాన్ఫిడాంట్' పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషులో 'కాన్ఫిడాంట్' అని ఒక మాట ఉంది. మనసులో దాచుకున్న సంగతి నమ్మకంగా ఎవరి దగ్గర చెప్పుకుంటామో, విన్నది కడుపులోనే దాచుకుంటాడని ఎవరి మీద భరోసా ఉంటుందో, ఆ మనిషి కాన్ఫిడాంట్. మనం రోజూ వాడే 'కాన్ఫిడెంట్'కి ఇది తోబుట్టువే గాని రెండూ ఒకటి కావు. పరీక్ష బాగా రాశానని ధీమాగా తిరిగే కుర్రవాడు కాన్ఫిడెంట్. పరీక్ష పోయిన సంగతి తండ్రికి చెప్పలేక వాడు ఏ మేనమామ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడో ఆ మేనమామ కాన్ఫిడాంట్.

దీన్ని తెలుగులో ఏమనాలి? 'ఆప్తుడు' అని చప్పున తోస్తుంది. కాని ఆప్తుడి కథ వేరు. న్యాయశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం అయ్యాక నాలుగో ప్రమాణం శబ్దం. శబ్దమంటే ఆప్తుడు చెప్పిన మాట. ఉన్నది ఉన్నట్టు తెలిసినవాడు, తెలిసినదాన్ని వంచన లేకుండా చెప్పేవాడు ఆప్తుడు. అంటే ఆప్తుడి గొప్పతనమంతా నోటిలో ఉంది. కాన్ఫిడాంటు గొప్పతనం చెవిలో ఉంది. 'అంతరంగికుడు' దగ్గరగానే వస్తుంది గాని అందులో రాజుల కొలువు వాసన పోలేదు. మంత్రిగారి అంతరంగికులు అని పేపర్లో చదివితే మనకు ఎలాంటివాళ్ళు గుర్తొస్తారో వేరే చెప్పక్కరలేదు. 'నర్మసచివుడు' ఉన్నాడు, ఆయన పని నవ్వించడం. 'నెచ్చెలి', 'చెలికత్తె' అచ్చంగా సరిపోతాయి, కాని అవి ఆడవాళ్ళకి, అదీ కావ్యాల్లో. మగవాడి మనసులో మాట వినేవాడికి తెలుగులో ఒక మంచి మాట ఎందుకు లేకపోయిందో భాష తెలిసినవాళ్ళెవరైనా రాస్తే మేము ఆసక్తిగా చదువుతాం. డాక్టర్లం గనుక మేము చెప్పగలిగింది చెవి గురించే.

మాట మూలం లాటిను. 'ఫిదేస్' అంటే నమ్మకం, ఇచ్చిన మాట మీద నిలబడటం. రోమనులు ఆ నమ్మకాన్ని ఒక దేవతగా చేసుకుని రోము నగరంలో కాపిటల్ కొండ మీద గుడి కట్టారు. పూజారులు కుడిచేతికి తెల్లగుడ్డ చుట్టుకుని ఆ దేవతకు పూజ చేసేవారు. మాట ఇచ్చేది కుడిచేత్తోనే కదా. ఆ ఫిదేస్ నుంచి వచ్చిన సంతానం పెద్దది. పెళ్ళి నిశ్చయమైన పిల్లని ఫియాన్సే అంటే అందులో అదే మాట. కుక్కలకి పెట్టే ఫైడో అనే పేరులోనూ అదే మాట. అబ్రహాం లింకను పెంచిన కుక్క పేరు కూడా ఫైడోనే. ఈ దేశం రావడానికి వీసా కాగితాల కోసం నోటరీ దగ్గర మనం చేయించుకున్న అఫిడవిట్లలో ఉన్నది కూడా ఆవిడే, ఆ దేవతే. 'ఫిదేస్'కి సంబంధించిన క్రియకు ముందు 'కాన్' చేరితే పూర్తిగా నమ్మడం అని అర్థం. ఫ్రెంచివాళ్ళ దగ్గర అది 'నమ్మకస్తుడు' అనే నామవాచకం అయింది. ఇంగ్లీషువాళ్ళు 17వ శతాబ్దంలో దాన్ని 'కాన్ఫిడెంట్' అనే రాసుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లో 'డెంట్' పోయి 'డాంట్' వచ్చింది. ఫ్రెంచివాడి ముక్కుతో పలికే శబ్దం ఇంగ్లీషువాడి చెవికి అలా వినబడి ఉంటుందని నిఘంటువులు రాసేవారి ఊహ. వినేవాడికి పేరు వినికిడిలోనే స్థిరపడిందన్నమాట.

ఫ్రెంచివాళ్ళకి ఈ మాటతో పని ఎక్కువగా పడింది నాటకశాలలో. అంతకుముందు గ్రీకు నాటకాల్లో రంగం మీద ఎప్పుడూ ఒక గుంపు నిలబడి ఉండేది, కోరస్ అని. నాయిక తన గోడు ఆ గుంపుతో చెప్పుకునేది. 17వ శతాబ్దపు ఫ్రెంచి కవులు ఆ గుంపును తీసేశారు. మరి రాణి మనసులో ఏముందో ప్రేక్షకుడికి తెలిసేదెలా? ప్రతి రాణి పక్కనా ఒక దాదిని, ప్రతి రాజకుమారుడి పక్కనా ఒక స్నేహితుణ్ణి నిలబెట్టారు. ఆ పాత్ర పేరే కాన్ఫిడాంట్. అతనికి సొంత కథ ఉండదు, పెళ్ళి ఉండదు, కోపం ఉండదు. 'తరువాత ఏమైంది దొరా?' అని అడగడమే అతని బతుకు. ఇంగ్లండులో షెరిడన్ 1779లో 'ది క్రిటిక్' అనే ప్రహసనంలో దీన్ని బాగా ఎగతాళి చేశాడు. అందులో నాయికకు పిచ్చెక్కుతుంది. ఆచారం ప్రకారం ఆవిడ ఖరీదైన తెల్ల పట్టు కట్టుకుని పిచ్చిదవుతుంది. వెనకనున్న చెలికత్తె కూడా పిచ్చిది కావాల్సిందే, కాకపోతే ఆవిడది కాస్త చవక రకం గుడ్డ.

నవ్వుకి నవ్వే గాని, వినేవాడి పని ఎంత ప్రమాదకరమైనదో కూడా మొదట చూపించింది ఆ నాటకకర్తలే. క్రీస్తు పూర్వం 428లో ఏథెన్సులో యూరిపిడిస్ ఒక నాటకం ఆడించాడు. ఫేద్రా అనే రాణికి సవతి కొడుకు హిప్పోలిటస్ మీద మనసు పడింది. ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిండి మానేసి మంచం పట్టింది. ముసలి దాది కాళ్ళావేళ్ళా పడి ఆవిడ చేత చెప్పించింది. చెప్పించాక ఊరుకోలేదు, మేలు చేస్తున్నాననుకుని పోయి ఆ కుర్రవాడి చెవిలోనే వేసింది. వేసేముందు ఎవరికీ చెప్పనని అతని చేత ఒట్టు పెట్టించుకుంది. ఫేద్రా సిగ్గుతో ఉరి వేసుకుని చచ్చిపోతూ నేరం అతని మీదకి నెడుతూ ఉత్తరం రాసి పెట్టింది. తండ్రి కొడుకుని శపించాడు. నిజం ఒక్కమాట చెబితే బతుకుతాడు. ఒట్టు పెట్టాడు గనుక చెప్పలేదు, చచ్చిపోయాడు. ఈ కథనే రసీన్ 1677లో పారిస్‌లో 'ఫేద్ర్' అని మళ్ళీ రాశాడు. అక్కడ దాది ఇంకో అడుగు ముందుకు వేసి తానే రాజుకి అబద్ధం నూరిపోస్తుంది. చివరికి యజమానురాలు ఛీకొడితే సముద్రంలో దూకుతుంది.

ఇక్కడ మనకు మన శాకుంతలం గుర్తు రాకుండా ఉండదు. మూడో అంకంలో శకుంతల తన మనసు అనసూయా ప్రియంవదల దగ్గరే విప్పుతుంది, వాళ్ళు చక్కగా విని ఉపాయం చెబుతారు. నాలుగో అంకంలో సంగతి తిరగబడుతుంది. పరధ్యానంలో ఉన్న శకుంతలని దుర్వాసుడు శపిస్తే విన్నది చెలికత్తెలిద్దరే. ప్రియంవద పరుగెత్తి వెళ్ళి ఆయన్ని బతిమాలి, గుర్తు చూపిస్తే శాపం తీరుతుందని వరం పుచ్చుకువస్తుంది. అప్పుడు ఇద్దరూ ఆలోచించుకుని, పిల్ల సుకుమారి, తట్టుకోలేదు, ఈ మాట మన ఇద్దరిలోనే ఉండనీ అనుకుంటారు. అత్తవారింటికి పంపేటప్పుడు మాత్రం, రాజు పోల్చుకోకపోతే ఉంగరం చూపించమని పైపైన చెబుతారు. ఆ ఉంగరం విలువ శకుంతలకి తెలియదు. నీళ్ళలో జారిపోయినా చూసుకోలేదు. అక్కడ దాది చెప్పి చెడిపింది, ఇక్కడ చెలికత్తెలు చెప్పక చెడిపారు. రోగి తట్టుకోలేదని అసలు జబ్బు పేరు ఇంట్లో మిగతా అందరికీ చెప్పి రోగికి మాత్రం దాచమని మమ్మల్ని అడిగే కొడుకులూ కోడళ్ళూ మన సంఘంలో ఉన్నారు. వాళ్ళకి మేము ఎప్పుడూ ఈ నాలుగో అంకమే చెబుతాం.

నమ్మకం అనే మాటకి ఇంకో గతి కూడా పట్టింది. 1849లో న్యూయార్కు వీధుల్లో విలియం థాంప్సన్ అనే పెద్దమనిషి మంచి దుస్తులు వేసుకుని, ముక్కూమొహం ఎరగనివాళ్ళని పాత స్నేహితుల్లా పలకరించేవాడు. కాసేపు కబుర్లయ్యాక, రేపటిదాకా మీ గడియారం నాకు ఇచ్చేటంత నమ్మకం మీకు నా మీద ఉందా అని అడిగేవాడు. ఇచ్చినవాళ్ళు ఉన్నారు! పోలీసులు పట్టుకున్నాక పత్రికలవాళ్ళు అతనికి 'కాన్ఫిడెన్స్ మేన్' అని పేరు పెట్టారు. ఈనాడు మోసగాళ్ళని 'కాన్ మేన్' అంటున్నామే, అది ఈ గడియారం దొంగ బిరుదే. నమ్మి చెవిలో చెప్పేదీ, నమ్మి చేతిలో పెట్టేదీ ఒకే వేరు మీద మొలిచాయి.

మా వృత్తి సంగతికి వద్దాం. హిప్పోక్రటిస్ పేరు మీద చెలామణీ అయ్యే ప్రమాణంలో, వైద్యం చేసేటప్పుడు గాని, మామూలుగా నలుగురిలో మసలేటప్పుడు గాని, విన్నదాంట్లో కన్నదాంట్లో బయటికి పొక్కకూడనిదాన్ని పవిత్రమైన రహస్యంగా దాచుకుంటాననే షరతు ఉంది. మన చరకసంహితలో విమానస్థానంలో శిష్యుడికి చేసే ఉపదేశంలోనూ ఇలాంటిదే ఉంది: రోగి ఇంట్లో అడుగుపెట్టిన వైద్యుడు ఆ ఇంటి వ్యవహారాలు బయట చెప్పకూడదు. ఎంత దూరదేశాలు, ఎంత వేరు మనుషులు, మాట ఒకటే. మేము గమనించిన సంగతి ఏమిటంటే, ఇద్దరూ జబ్బు పేరు దాచమనడంతో సరిపెట్టుకోలేదు. ఇంట్లో కంటబడినదంతా కలిపారు. అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదని డాక్టరుకి కనబడితే అది కూడా అందులోదే. క్రైస్తవ మఠాల్లో ఇదే నియమం ఇంకా గట్టిగా ఉంది. 1215లో రోములోని లాటరన్ మహాసభ ప్రతివాడూ ఏడాదికి ఒకసారైనా తన తప్పులు ఫాదరీకి చెప్పుకోవాలని శాసించి, విన్నది బయటపెట్టిన ఫాదరీని కొలువు నుంచి తీసేసి జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని అదే శాసనంలో రాసింది.

అయితే ఇంగ్లండు చట్టం మాత్రం డాక్టరు చెవికి అంత గౌరవం ఇవ్వలేదు. 1776 ఏప్రిల్‌లో లండనులో వెస్ట్‌మినిస్టర్ హాలులో ప్రభువులందరూ కూర్చుని ఒక విచారణ జరిపారు. ముద్దాయి కింగ్‌స్టన్ డచెస్, అసలు పేరు ఎలిజబెత్ చడ్లీ. ఆవిడ 1744లో ఆగస్టస్ హెర్వీ అనే నావికాధికారిని రహస్యంగా పెళ్ళాడింది. అది దాచిపెట్టి 1769లో కింగ్‌స్టన్ డ్యూకుని రెండో పెళ్ళి చేసుకుంది. మొదటి పెళ్ళి సంగతి ఆనాడే ఎరిగినవాడు ఆవిడకి వైద్యం చేసిన సీజర్ హాకిన్స్, రాజుగారి సర్జను. ఆయన్ని బోనెక్కించి అడిగారు. వృత్తిలో నమ్మకం మీద తెలిసిన సంగతి చెప్పడం మా మర్యాదకి తగునో తగదో తేల్చమని ఆయన సభనే అడిగాడు. మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తేల్చాడు. డాక్టరు తనంతట తాను రహస్యం బయటపెడితే అది మర్యాద తప్పడమే. కాని కోర్టు అడిగితే చెప్పి తీరాలి, చెప్పినందుకు మర్యాదకి లోటు రాదు. హాకిన్స్ చెప్పాడు. డచెస్ నేరం రుజువైంది. ఆ రోజుల్లో దానికి చేతిమీద వాత పెట్టాలి, కాని ఆవిడ ప్రభువుల ఇంటి మనిషి గనుక వాత తప్పించుకుని కాలే ఊరికి వెళ్ళిపోయింది. ఆనాటి తీర్పే ఇంగ్లండులో ఈనాటికీ నిలిచి ఉంది: వకీలుకి చెప్పింది కోర్టు అడగలేదు, డాక్టరుకి చెప్పింది అడగగలదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం 1828లోనే దీనికి ఎదురుగా, డాక్టర్లని అలా అడగకూడదని చట్టం చేసింది.

ఇంతకాలం రోగి మాట వినడం వైద్యానికి ముందుమెట్టుగానే ఉండేది. వినడమే వైద్యం అని తెలిసింది వియన్నాలో, 1880 నుంచి 1882 వరకూ యోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు చూసిన ఒక అమ్మాయి వల్ల. పుస్తకంలో ఆవిడ పేరు ఆనా ఓ. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్, వయసు 21. మంచాన పడ్డ తండ్రికి రాత్రింబగళ్ళు సేవచేసి తానే జబ్బుపడింది. చెయ్యి పడిపోయింది, చూపు తేడా చేసింది, వాటికి శరీరంలో కారణం ఏమీ కనబడలేదు. అన్నిటికన్నా వింత, కొంతకాలం ఆవిడకి మాతృభాష జర్మను నోట రావడం మానేసింది. ఇంగ్లీషు మాత్రమే మాట్లాడేది. సాయంత్రంపూట డాక్టరు వచ్చి కూర్చుంటే మనసులో ఉన్నది చెప్పేది. చెప్పిన తరువాత తేలికపడేది. ఆ పద్ధతికి ఆవిడే ఇంగ్లీషులో 'టాకింగ్ క్యూర్' అని పేరు పెట్టింది, తమాషాకి పొగగూడు ఊడ్చడం అని కూడా అనేది. బ్రాయరూ ఫ్రాయిడూ కలిసి 1895లో దీన్ని పుస్తకంలో రాశారు. ఆవిడకి పూర్తిగా నయమైందన్నట్టు అందులో రాసింది గాని అది నిజం కాదు, తరువాత కూడా ఆస్పత్రుల్లో ఉంది. కాలక్రమాన కోలుకుని దిక్కులేని ఆడపిల్లల కోసం జీవితాంతం పాటుపడింది. జర్మను మాట్లాడే డాక్టరుకి జర్మను పిల్ల ఇంగ్లీషులో బాధ చెప్పుకోవడం ఆలోచించదగ్గ విషయం. సొంత భాషలో నోరు పెగలని మాటలు పరభాషలో వస్తాయి కాబోలు. మాలో కొందరికి అది రోజూ అనుభవమే. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనివాళ్ళు కూడా భార్యాభర్తల మధ్య సంగతి చెప్పవలసి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగుతారు.

ఈ కాన్ఫిడాంట్ అనే మాట పరిశోధన పత్రికల్లోకి లెక్కలతో సహా వచ్చింది 1968లో. మార్జొరీ లోవెంతాల్, క్లేటన్ హేవెన్ అనే ఇద్దరు పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కోలో 60 ఏళ్ళు దాటినవాళ్ళని పరిశీలించారు. ఉద్యోగం పోయినా, తోడు పోయినా, వచ్చేపోయేవాళ్ళు తగ్గినా, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక్క మనిషి మిగిలినవాళ్ళు దిగులులో పడటం తక్కువ. బోలెడంతమంది పరిచయస్తులుండి ఆ ఒక్కరూ లేనివాళ్ళ పరిస్థితే అధ్వాన్నం. ఇందులో ఒక తమాషా ఉంది. మీ కాన్ఫిడాంట్ ఎవరని మగవాళ్ళని అడిగితే ఎక్కువగా భార్య అన్నారు. ఆడవాళ్ళు చెప్పినవాళ్ళలో భర్త పేరు తక్కువ, కూతురో, స్నేహితురాలో.

పదేళ్ళ తరువాత, 1978లో, జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ అనేవారు లండను దక్షిణాన ఉన్న కాంబర్‌వెల్ ఆడవాళ్ళ మీద ఒక గ్రంథం ప్రకటించారు. మానసిక వైద్యంలో ఈనాటికీ చదవవలసిన పుస్తకం. ఇంట్లో చావో, ఉద్యోగం పోవడమో, ఏదో పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఏ ఆడవాళ్ళు డిప్రెషన్‌లో పడుతున్నారు, ఏ ఆడవాళ్ళు నిలదొక్కుకుంటున్నారు అని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. నాలుగు సంగతులు మనిషిని బలహీనపరుస్తున్నాయని తేల్చారు: పదకొండేళ్ళలోపు తల్లిని పోగొట్టుకోవడం, ఇంట్లో పధ్నాలుగేళ్ళలోపు పిల్లలు ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉండటం, బయట పని లేకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా, మనసు విప్పి చెప్పుకునే దగ్గరి మనిషి లేకపోవడం. ఆ దగ్గరి మనిషి ఎవరన్నది కూడా వాళ్ళు విడదీసి చూశారు. భర్త గాని, భర్తలాంటి తోడు గాని వినేవాడైతే రక్షణ గట్టిగా ఉంది. వారానికోసారి కలిసే తల్లో, అక్కో, స్నేహితురాలో ఉంటే ఆ రక్షణ అంతగా కనబడలేదు.

ఈ చివరి మాట దగ్గర మనం ఆగాలి. కాంబర్‌వెల్ ఆడవాళ్ళ సంసారం వేరు, మన ఆడవాళ్ళు పెరిగిన సంసారం వేరు. మన ఊళ్ళలో భర్తతో మనసు విప్పి మాట్లాడటం అనేది ఆడదాని దినచర్యలో ఎప్పుడూ లేదు. ఆ పనికి వేరే మనుషులు ఉండేవారు: నూతి దగ్గర పక్కింటి పిన్ని, పురిటికి వెళితే అమ్మ, వేసవి సెలవల్లో అక్క, కాళ్ళ దగ్గర కూర్చుని పూలు కట్టే పనిమనిషి. వాళ్ళెవరూ ఏదో చెయ్యాలని వినలేదు, పప్పు ఏరుతూ విన్నారు. విమానం ఎక్కేటప్పుడు ఆవిడ సామాన్లలో ఆవకాయ జాడీ వచ్చింది గాని ఈ మనుషులు రాలేదు. ఇక్కడ వాళ్ళందరి పనీ ఒక్కసారిగా ఒక్కడి నెత్తిన పడింది. వాడు రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న ఎనిమిదింటికి ఇల్లు చేరి పడుకునే రిజిస్ట్రారో, వారానికి మూడు ఊళ్ళు తిరిగే ఇంజనీరో. పైగా వాడికి వినడం ఎవరూ నేర్పలేదు. భార్య ఒక బాధ చెప్పబోతే రెండో వాక్యానికే పరిష్కారం చెప్పేస్తాడు. అంటే వాడు ఆప్తుడు, మొదట్లో చెప్పుకున్న న్యాయశాస్త్రపు ఆప్తుడు. కాన్ఫిడాంటు కాదు. మగవాడి సంగతి ఇంకా అన్యాయం. ఆస్పత్రిలో తనకన్నా చిన్నవాడికి పై ఉద్యోగం ఇచ్చారని వాడు భార్యకి చెప్పడు, బెంగపడుతుందని. ఊళ్ళో తండ్రికి అసలే చెప్పడు. ఫోనులో రోజూ మొహాలు చూసుకుంటున్నాం, నిజమే. అటువైపు నాన్నగారు 'అంతా బాగానే ఉందిగా?' అని అడుగుతారు; ఇటువైపు నుంచి వచ్చే జవాబు ఒకటే.

మరి డాక్టరుకి చెప్పుకోవచ్చు కదా? ఇక్కడే మన చిన్న సంఘం చిక్కు ఉంది. మేము తెలుగువాళ్ళం గనుక తెలుగువాళ్ళు మా దగ్గరికే వస్తారనుకుంటారు గాని, మోకాళ్ళ నొప్పికి, చక్కెర జబ్బుకి వచ్చినవాళ్ళే నిద్ర పట్టని సంగతి వచ్చేసరికి పక్క గదిలోని ఇంగ్లీషు డాక్టరుని వెతుక్కుంటారు. వాళ్ళని తప్పు పట్టం. ఆదివారం ఉగాది పండగకి అదే డాక్టరు పక్కన కూర్చుని పులిహోర తినాలి. డాక్టరు నోరు జారకపోయినా ఆయన చూపు జారుతుందేమో. జనరల్ మెడికల్ కౌన్సిల్ నియమం ప్రకారం రోగి చెప్పింది రోగి పోయాక కూడా మేము దాచవలసిందే. భార్య సంగతి భర్త అడిగినా, కోడలి సంగతి అత్తగారు అడిగినా అనుమతి లేకుండా చెప్పకూడదు. మీకు ఇంగ్లీషు డాక్టరే నయమనిపిస్తే నిరభ్యంతరంగా ఆయన దగ్గరికే వెళ్ళండి. అందులో మాకు చిన్నతనం ఏమీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే పిల్లల్ని దుబాసీలుగా తీసుకుపోకండి. తొమ్మిదేళ్ళ మనవడు తన మామ్మ గర్భసంచి బాధ డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పడం మేము కళ్ళారా చూశాం. ఆవిడ సగం మింగేసింది, వాడికి అర్థమైంది పావు. మిగిలింది వాడు బడిలో మోసుకు తిరుగుతాడు. ఎన్.హెచ్.ఎస్.లో అడిగితే పెద్ద దుబాసీని ఉచితంగానే ఇస్తారు.

దుబాసీ అంటే గుర్తొచ్చింది. కుంపినీల రోజుల్లో దుబాసీ అంటే వట్టి అనువాదకుడు కాదు, దొరకి చెవీ నోరూ అతనే. పుదుచ్చేరిలో డూప్లెక్సు దగ్గర ఉన్న ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 వరకూ తమిళంలో దినచర్య రాసుకున్నాడు. పగలల్లా దొర రహస్యాలు విని, తనవి చెప్పుకోవడానికి కాగితం తప్ప ఎవరూ లేక రాసుకున్నాడేమో అని అది చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

వినేవాడి నోరు ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం సులభమైన లెక్క కాదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మన దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి టటియానా టరసోఫ్ అనే అమ్మాయిని ప్రేమించాడు, ఆవిడ కాదంది. కుర్రవాడు చదువు వదిలేసి గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఒక స్నేహితుడు బతిమాలి మానసిక చికిత్సకి పంపాడు. అక్కడ మనస్తత్వవేత్తతో ఆ అమ్మాయిని చంపుతానన్నాడు. ఆయన విశ్వవిద్యాలయం పోలీసులకి చెప్పాడు, వాళ్ళు పట్టుకుని, తెలివిగానే మాట్లాడుతున్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గాని తల్లిదండ్రులకి గాని ఎవరూ చెప్పలేదు. 1969 అక్టోబరులో అతను ఆవిణ్ణి చంపేశాడు. 1976లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు, ఇంకొకరి ప్రాణానికి అపాయమని తెలిసినప్పుడు ఆ మనిషిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవారి మీద ఉందని తీర్పు చెప్పింది. ఈ దేశంలో కూడా అలాంటి పెద్ద అపాయం ఉన్నప్పుడు డాక్టరు నోరు విప్పవచ్చు. డాక్టర్లు మామూలుగా ఈ కేసుని రహస్యం హద్దుల గురించి చదువుతారు. మాకు మాత్రం గుర్తుండిపోయింది ఆ స్నేహితుడు. ఆ పరాయి ఊళ్ళో గదిలో ఏడుస్తున్నవాణ్ణి గమనించింది అతనొక్కడే.

తమిళదేశంలో ఒక కథ చెబుతారు. చికాగోలో ఆచార్యుడిగా ఉన్న ఎ.కె. రామానుజన్ తన జానపద కథల సంకలనంలో చేర్చాడు. ఒక ముసలి వితంతువుకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నలుగురూ సాధించేవారే. చెప్పుకునే దిక్కు లేక మింగీ మింగీ ఆవిడ ఒళ్ళు లావైపోయింది, దానికీ వెక్కిరింపులే. ఒకరోజు ఊళ్ళో తిరుగుతూ పైకప్పు లేని ఒక పాడుపడ్డ ఇంట్లో దూరింది. పెద్దకొడుకు మీద గోడు ఒక గోడతో చెబితే ఆ గోడ కూలిపోయింది, ఆవిడ ఒళ్ళు కాస్త తేలికైంది. రెండో గోడకి పెద్ద కోడలి సంగతి, మూడోదానికి చిన్నకొడుకు, నాలుగోదానికి చిన్న కోడలు. నాలుగూ కూలేసరికి ఆవిడ చక్కగా తేలికపడి ఇంటికి నడిచి వెళ్ళింది. గోడలకు చెవులుంటాయని మనం భయపెట్టే మాటగా అంటాం. ఆ ముసలావిడకి అదే మందైంది.

లండను నడిబొడ్డున సెంట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అనే చర్చిలో 1953 నవంబరులో చాడ్ వరా అనే ఫాదరీ, చచ్చిపోదామనుకునేవాళ్ళు తనకి ఫోను చెయ్యమని ప్రకటించాడు. అదే తరువాత సమారిటన్స్ సంస్థ అయింది. జనం బారులు తీరారు. ఆయన లోపల ఒక్కొక్కరితో మాట్లాడుతుంటే బయట వేచి ఉన్నవాళ్ళకి టీ పోసి ఇవ్వడానికి కొందరు మామూలు మనుషులు సాయానికి వచ్చారు. కొద్దిరోజుల్లో ఆయన ఒకటి గమనించాడు. బయట టీ తాగుతూ ఆ మనుషులతో మాట్లాడినవాళ్ళలో చాలామంది, తమ వంతు వచ్చేసరికి, ఇక మీతో పని లేదండీ అని వెళ్ళిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ పని మొత్తం టీ పోసేవాళ్ళకే అప్పగించేశాడు.

మన సంఘం నెలసరి సభల్లో ఉపన్యాసాలకీ సన్మానాలకీ రెండున్నర గంటలు, మధ్యలో టీకి పదిహేను నిమిషాలు కేటాయిస్తున్నాం. ఆ పదిహేను నిమిషాలూ కూడా మైకు సరిచెయ్యడంలో పోతున్నాయి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఒక ఉపన్యాసం తగ్గించి టీకి గంట ఇమ్మని, ఆ గంటలో మైకు ఆపేసి ఉంచమని మేము తీర్మానం పెట్టబోతున్నాం. బలపరచేవారు ముందుగా కార్యదర్శి గారికి తెలియజేయగలరు.